డోరమ్మ ఆలుగడ్డ పరుపు

బొల్లారంలో చర్చి వెనక సందులో ఉండే డోరమ్మకు వంట చేస్తూ చేస్తూ ఎటో వెళ్లిపోయే అలవాటు. మనిషి పొయ్యి ముందే ఉంటుంది. గరిటె చేతిలోనే ఉంటుంది. పిలిస్తే "ఆఁ" అని కూడా అంటుంది. కాని ఆ "ఆఁ" అన్నది డోరమ్మ కాదు, ఇల్లు చూసుకొమ్మని ఆమె కాపలా పెట్టిపోయిన వేరే ఎవరో. అసలు డోరమ్మ అప్పటికే చిన్ననాటి ఏ పొగమంచులోనో చెప్పుల్లేకుండా తిరుగుతూ ఉంటుంది.

అయినా కూర అడుగంటిన పాపాన పోలేదు. ఆమె ముక్కు ఆమెను వెతుక్కుంటూ పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. ఉల్లిపాయ ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య ఉండే ఆ రవ్వంత సందులో సరిగ్గా వచ్చి నిలబడేది డోరమ్మ. ఉప్పు పడ్డ కూర వాసన వేరు, పడని కూర వాసన వేరు అనేది. రుచి చూసే పని ఆమెకు లేదు, ఉండకూడదు కూడా. వాళ్లమ్మ పెట్టిన కట్టుబాటు అది. వండింది బల్ల మీద పెట్టి, ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాకే ఎవరి నాలుకకైనా ముద్ద తగలాలి. వండే మనిషి ముందే నాకి చూసిందంటే దేవునికి ఎంగిలి పెట్టినట్టే.

అలాంటి ముక్కు మొన్నటి వానాకాలం జ్వరంలో పోయింది. జ్వరం తగ్గింది, ఒంట్లోకి బలం వచ్చింది, వాసనలు మాత్రం తిరిగి రాలేదు. మొదట కాఫీ పోయింది. తరవాత సబ్బు, కరివేపాకు, చివరికి పక్కింటి వాళ్ల ఎండుచేపలు కూడా. పెళ్లి అయిపోయాక చుట్టాలు ఒక్కొక్కరే సంచీ పట్టుకుని వెళ్లిపోయినట్టు వెళ్లిపోయాయి. అవన్నీ ఏ నేరేడ్‌మెట్ స్టేషన్‌లోనో బెంచీ మీద వరసగా కూర్చుని, బండి కోసం ఎదురుచూస్తున్నట్టు డోరమ్మకు తోచేది. ఆ బండి ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి అసలు కారణం కోడలు హదస్సా. హదస్సా ఆసుపత్రిలో నర్సు. అత్తకు వాసన తెలియడం లేదని తెలిస్తే గ్యాస్ గురించి ఆలోచిస్తుంది, ఆలోచించిన మరుక్షణం పొయ్యి లాగేసుకుంటుంది. పొయ్యి పోతే డోరమ్మ ఎక్కడ నిలబడి ఎటు వెళ్లాలి? హాల్లో సోఫా మీద కూర్చుని కలలు కంటే దాన్ని కునుకంటారు.

గురువారం పాలు మాడాయి. ఇంట్లో ఒక్కతే ఉన్న డోరమ్మ గిన్నె పక్కనే స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గిన్నె నల్లగా మాడేదాకా తల ఎత్తలేదు. డ్యూటీ నుంచి వచ్చిన హదస్సా గేటు దగ్గర నుంచే పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది.

"గేటు దాకా కమురు వాసనొస్తుంటే నీకు తెలుస్తలేదా అత్తమ్మా?"

"ఏదో యాదిల పడ్డ."

"నువ్వు యాదిల పడ్తవు, ఇల్లు మంటల పడ్తది. నీ కొడుకు రైలు డ్యూటీకి పోతే మూడ్రోజులకు గాని రాడు, నేను డ్యూటీల ఉంట. సోమవారం నుంచి పొద్దున నేనే వండిపెట్టి పోత. నువ్వు కూసో."

"కూసొని ఏం జెయ్యాలె?"

"రెస్ట్ తీసుకో."

"గదే నాకు రాదు," అంది డోరమ్మ.

మనవరాలు కెజియా ఇంటరు సగంలో వదిలేసి బ్యూటీపార్లర్ పని నేర్చుకుంటోంది. అప్పుడే ఇంటికొచ్చి గోళ్లకు రంగు వేసుకుంటూ, "నానమ్మను సోఫాల కూసోబెడ్తే దుమ్ము దులుపుడు సుత మాకే పడ్తది," అంది.

డోరమ్మ మాడిన గిన్నెను చూసింది, కోడలిని చూసింది. "ఆదివారం పరుపు జేస్త. అది చెడిపోతే పొయ్యి నీది. మంచిగైతే నాది."

పరుపు చేయడం అంటే మామూలు పని కాదని హదస్సాకూ తెలుసు. "సరే," అంది.

పరుపు అనేది ఆ ఇంట్లో ఒక వంట. డోరమ్మ వాళ్లమ్మ ఒకప్పుడు బొల్లారంలో ఒక దొరసాని ఇంట్లో వంటచేసేది. అక్కడ నేర్చుకున్నదే ఇది. అడుగున ఉడికిన ఆలుగడ్డ బిళ్లలు, దాని మీద పెద్దకూర ఖీమా, మళ్లీ బిళ్లలు, మళ్లీ ఖీమా, అన్నిటికన్నా పైన పాలూ వెన్నా వేసి మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, దాని మీద రస్కుల పొడి. అంతా కలిపి ఓవెన్‌లో పెట్టి ఎర్రగా కాల్చాలి. దొరసాని దాన్ని ఏమనేదో ఎవరికీ గుర్తులేదు. కెజియా చిన్నప్పుడు పళ్లెంలో పొరలు చూసి "దీని మీద పండుకోవచ్చా?" అని అడిగింది, ఆ రోజు నుంచి పరుపు అయింది.

ఆదివారం పొద్దున్నే మొదటి ఆరాధనకు వెళ్లి వచ్చింది డోరమ్మ. హదస్సా, కెజియా రెండో ఆరాధనకు వెళ్లారు. ఇంట్లో మిగిలింది భర్త డేవిడ్ రాజు ఒక్కడే. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ బాత్రూమ్‌కు వెళ్లేముందు గడియారం చూసుకుంటాడు. బజారు నుంచి ఖీమా తెచ్చి వంటింటి గడప మీద పెట్టాడు. గడప దాటడం ఆయనకు ఎన్నడూ అలవాటు లేదు.

"మిషన్ల రెండుసార్లు తిప్పమన్నవా?"

"తిప్పమన్న. ఇంత మెత్తగెందుకు తాతా, నోట్ల పండ్లు లేవా అన్నడు ఖీమా కొట్టెటాయన."

"ఏమన్నవు మరి?"

"పండ్లున్నయి, పెండ్లాం సుత ఉన్నదన్న."

ఆయన హాల్లోకి పోయి పేపరు విప్పాడు. డోరమ్మ కొంగు బొడ్లో దోపి పని షురూ చేసింది.

ఉల్లిపాయల్ని ఆమె జన్మలో అంత కళ్లార్పకుండా చూసి ఉండదు. తెల్లగా ఉన్నవి అద్దంలా అయ్యాయి, అద్దం మీద అంచులు పసుపు తిరిగాయి, పసుపు మీద ఎరుపెక్కింది. ఖీమా పడ్డాక చెవి పెట్టి విన్నది. నీళ్లున్నంతసేపు అది గుడగుడమని తనలో తాను మాట్లాడుకుంది. నీళ్లు ఇంకాక చిటచిటమని కోపం తెచ్చుకుంది. అప్పుడు మిరియాలు, దంచిన లవంగం, చిటికెడు బెల్లం కలిపిన చింతపండు రసం. అన్నీ చూపుతోనూ చెవితోనూ దాటుకుంటూ వచ్చింది. ముక్కు లేకున్నా బతకొచ్చు అనిపించింది ఒక క్షణం.

ఆలుగడ్డల దగ్గర మోసపోయింది.

ఉడికిన ఆలుగడ్డల తొక్క తీస్తుంటే ఆవిరి ముఖాన్ని కమ్మింది. ఆ ఆవిరి మెల్లగా బొల్లారం పొగమంచైంది. మంచులోంచి దొరసాని ఇంటి వెనక వరండా తేలింది. అమ్మ వీపు కనిపించింది, వీపు మీద చెమటతో అతుక్కున్న నీలం రవిక. వంటబల్ల కింద చిన్న డోర ముడుచుకుని పడుకుని ఉంది. పైన అమ్మ పొర మీద పొర పరుస్తోంది. పరిచినప్పుడల్లా బల్ల చెక్కల సందులోంచి వెచ్చదనం కిందికి దిగుతోంది. అది దుప్పటి, దాని మీద బొంత, దాని మీద ఇంకో దుప్పటి. ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు అమ్మ ఏదో కీర్తన కూనిరాగం తీస్తోంది. డోర కళ్లు మూసుకుంది. ఆ కీర్తన రెండో చరణం ఏమిటా అని వినబోయింది.

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వేసింది.

కళ్లు తెరిచేసరికి ఆలుగడ్డలు మెదిపి ఉన్నాయి. పాలు పోసి ఉన్నాయి. వెన్న కరిగి ఉంది. ఉప్పు డబ్బా మూత తీసి ఉంది, అందులో తడి చెంచా ఉంది. కాని ఉప్పు ఎందులో పడిందో, ఎన్నిసార్లు పడిందో, అసలు పడిందో లేదో ఆమెకు తెలియదు. కాపలా పెట్టిపోయిన మనిషి ఆ విషయం చెప్పకుండానే వెళ్లిపోయింది.

డోరమ్మ గిన్నెల మీదికి వంగి ముక్కు పెట్టింది. ఖీమాలో ముక్కు పెట్టినా, కిటికీ అద్దానికి ముక్కు ఆనించినా ఒకటే.

నాలుక మీద ఇంత వేసుకుంటే తేలిపోతుంది. చెంచా కూడా పక్కనే ఉంది. కాని అమ్మ నీలం రవిక ఇంకా కళ్లముందే ఉంది. డేవిడ్ రాజును పిలిచి రుచి చూడమంటే, ఎన్నడూ లేంది ఇదేందీ అని లోతుకు పోతాడు. ఇంకాసేపట్లో రెండో ఆరాధన వదులుతారు. పొయ్యి చేజారిపోతున్నట్టే అనిపించింది.

అప్పుడు ఆమెకొక దారి తట్టింది. సాసరులో చెంచాడు ఖీమా, గోళీకాయంత ఆలుగడ్డ పెట్టింది. తల మీద కొంగు కప్పుకుని, కళ్లు మూసి, ప్రార్థన మొదలుపెట్టింది.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ చెంచెడు కూర కోసం నీకు వందనాలు."

అక్కడ ఆపితే సరిపోయేది. డోరమ్మ ప్రార్థనకు ఆపడం తెలియదు. కొడుకు ఎక్కిన బండినీ, ఆ బండి పట్టాలనీ తలచుకుంది. హదస్సా వార్డులో ఉన్న రోగులందరినీ తలచుకుంది. కెజియా చదువును తలచుకుని, అది అయిపోయిన సంగతి గుర్తొచ్చి, పెళ్లిని తలచుకుంది. దారిలో కలిసిన ప్రతివాళ్లనూ పలకరించి, చివరికి గట్టిగా "ఆమెన్" అంది.

"ఆమెన్," అన్నది హాల్లోంచి ఇంకో గొంతు. వెంటనే కుర్చీ జరిగిన చప్పుడు. చేతులు కడుక్కున్న చప్పుడు.

డేవిడ్ రాజు భోజనాల బల్ల ముందు కూర్చుని ఖాళీ బల్లను చూశాడు. "ఏదీ?"

"ఇంక కాలె."

"ప్రార్థన అయింది గదా."

"అయింది."

"జెండా ఊపినంక బండి కదలాలె డోరా. ఎవల కోసం జేసినవు ప్రార్థన?"

డోరమ్మ చెంచా నోట్లో పెట్టుకుంది. ఆలుగడ్డలో ఉప్పు సరిగ్గా ఉంది. ఖీమాలో ఉప్పు గల్లు ఒక్కటీ లేదు. ఉప్పు వేసి కలిపింది. తల ఎత్తితే డేవిడ్ రాజు గడప అవతల నిలబడి ఉన్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె రుచి చూడటం ఆయన చూడలేదు.

"నాకు వాసనొస్తలేదు," అంది డోరమ్మ. "జ్వరం కాడి నుంచి."

"గందుకేనా," అన్నాడు, "నేను బాత్రూంల సిగరెట్ తాగొస్తున్నా ఏమంటలేవు?"

"తాగుతున్నవా?"

"నువ్వు మారినవనుకున్న," అన్నాడు నిజంగానే దిగులుగా.

తిట్టడానికి టైము లేదు. పొరలు పరిచి, రస్కుల పొడి చల్లి, మూతకు గుండ్రటి గాజుబిళ్ల ఉండే పాత అల్యూమినియం ఓవెన్‌లో పెట్టింది. గాజు నిండా ఆవిరి కమ్మింది. లోపల ఏమీ కనిపించదు, చప్పుడు కూడా లేదు. ఇక మిగిలింది వాసన ఒక్కటే.

"రా లోపలికి," అంది డోరమ్మ.

డేవిడ్ రాజు గడప దాటాడు. ఓవెన్ మీదికి వంగి పీల్చాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"మంచిగంటె నాకేం తెలుస్తది? ఎట్ల మంచిగ?"

ఆయనకు వాసనల పేర్లు రావు, ఊళ్ల పేర్లే వచ్చు. కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. "లాలాగూడ షెడ్డు కాడ, ఎండల వాన పడ్తది చూడు. గట్ల."

అంటే లోపల ఇంకా తడిగానే ఉంది. డోరమ్మ ఆగింది. ఎండలో పడే ఆ వాన చూస్తూ ఆగింది.

"ఇప్పుడు?"

"కాజీపేట ప్లాట్‌ఫారం. తెల్లారగట్ల. చాయ్ బండోడు పెనం మీద బన్ను కాలుస్తున్నడు."

"ఎర్రగ కాలిందా?"

"అంచు ఎర్రగైంది. ఇంకో దిక్కు తిప్పుతున్నడు. నాకు ఆకలైతుంది డోరా."

డోరమ్మ స్విచ్ తీసేసింది. మూత తెరిచేసరికి పరుపు బంగారు రంగులో ఉబ్బి, నిద్రలో ఊపిరి తీస్తున్న పిల్లలా మెల్లగా కుంగింది. వాసన రాలేదు. కాజీపేట మాత్రం మంచుతో సహా కనిపించింది.

హదస్సా, కెజియా వచ్చారు. మళ్లీ ప్రార్థన అయింది. ఈసారి చిన్నది, ఆకలితో ఉన్న డేవిడ్ రాజు చేశాడు. హదస్సా మొదటి ముద్ద నమిలింది. రెండోది నమిలింది. మూడోది పెట్టుకోబోతూ, "పొయ్యి నీదే అత్తమ్మా," అంది.

గెలిచినట్టే. డేవిడ్ రాజు పళ్లెంలోకి చూస్తున్నాడు, ఆయన చెప్పడు. కెజియా వేలితో రస్కుల పొడి ఏరుకుని తింటోంది. మధ్యాహ్నాలు తలుపు మూసుకుని వంటింటి పక్క గదిలో పడుకునేది ఆ పిల్లే. గ్యాస్ లీకైతే ముందు వాసన తగలాల్సింది డోరమ్మకే. డోరమ్మ చేతిలోని ముద్దను పళ్లెంలోనే పెట్టేసింది.

"హదస్సా, నాకు వాసన తెలుస్తలేదు."

హదస్సా తినడం ఆపింది. లేచి వంటింట్లోకి వెళ్లి లవంగాలు నలిపి తెచ్చి అత్త ముక్కు కింద పెట్టింది. "ఇది?"

"ఏం లేదు."

నిమ్మచెక్క తెచ్చింది. "ఇది?"

"చల్లగున్నది. అంతే."

"జ్వరం నుంచేనా? నర్సును ఇంట్ల పెట్టుకొని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పొయ్యి గుంజుకుంటవు."

"గుంజుకుంటనే మరి," అంది హదస్సా. కాని గొంతులో మునుపటి కోపం లేదు. నిమ్మచెక్కను తానే ఒకసారి వాసన చూసింది. "రోజూ పొద్దుమాపు ఇవి వాసన చూడాలె. కొందరికి తిరిగొస్తది, కొందరికి రాదు. అప్పటిదాకా నువ్వొక్కదానివే పొయ్యి ముట్టియ్యొద్దు. ఈ పరుపు కాలిందని ఎవలు చెప్పిన్రు?"

డేవిడ్ రాజు చెయ్యి ఎత్తాడు, బడిలో పిల్లవాడిలా.

"అయితే మామయ్యా, అత్తమ్మ వండినంతసేపు నువ్వు వంటింట్లనే కూసోవాలె."

"నేనా?"

"తాతకు మళ్ల డ్యూటీ పడ్డది," అంది కెజియా. "సిగరెట్ బంద్. ముక్కు కరాబైతది."

సోమవారం పొద్దున డేవిడ్ రాజు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆ వంటిల్లు ఒక మనిషి కోసం కట్టింది. కుర్చీ వేస్తే అల్మారా తలుపు తెరుచుకోలేదు. జరిపితే సింకు అడ్డమైంది. చివరికి పొయ్యికి ఎదురుగా, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"జెర కాళ్లు తియ్యి," అంది డోరమ్మ.

"యాడికి తియ్యాలె?"

"నాకేం తెలుసు? నీ కాళ్లు."

ఆయన కాళ్లు తీయలేదు, తీయడానికి చోటూ లేదు. పప్పు గిన్నె చేత్తో పట్టుకుని, డోరమ్మ ఆయన మోకాళ్ల మీదుగా వంగి పొయ్యి ముట్టించింది.