గౌస్ టైళ్లు, నా చెకుముకి రాళ్లు

కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలంలో నన్ను పర్ణశాల దగ్గర గోదావరి ఒడ్డున పెట్టిన శిక్షణ క్యాంపుకు వేశారు. అప్పటికి నేను పురావస్తు శాఖలో సీనియర్ టెక్నికల్ అసిస్టెంటును. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. రాతియుగం మనిషి పనిముట్లు ఎలా చెక్కాడో కొత్త ట్రెయినీలకు చేసి చూపించి, వాళ్లచేత చేయించడం నా డ్యూటీ. అడవిలో దొరికిన రాయి మనిషి చెక్కిందా, తనంతట తాను పగిలిందా అని తేల్చాలంటే, ఒకసారైనా సొంత చేత్తో చెక్కి ఉండాలి.

ఆ పని మా దగ్గర నాకొక్కడికే వచ్చని నా ధీమా. ఆ ఏడు నాతోపాటు గౌస్‌ను కూడా వేశారు. నాకంటే చాలా చిన్నవాడు, హోదా మాత్రం ఒకటే. ఖమ్మంలో వాళ్ల అన్నకు టైళ్ల దుకాణం ఉంది. జీపులోంచి రెండు బస్తాలు దింపుతుంటే ఏమిటవని అడిగాను.

"పలిగిన టైల్ ముక్కలన్నా. గీటితోనే నేర్పుత," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్లు మండింది. నేను తెచ్చింది అసలైన చెకుముకి రాయి. రోడ్డు పనుల్లో ఎక్కడ గుట్ట తవ్వినా వెళ్లి, అడిగి, ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి పోగుచేసుకున్నవి. వీడేమో ఇళ్లలో నేలకు పరిచే సరుకు తెచ్చి నా సరసన కూర్చుంటాడా!

ట్రెయినీలను చెరి సగం పంచారు. చెక్కేటప్పుడు కింద టార్పాలిన్ పరిచి, రాలిన ప్రతి పెచ్చూ ఏరి తీసుకుపోవాలన్నది మా నియమం. లేకపోతే మన పెచ్చులే రేపు ఎవరికో పాతరాతియుగపువిగా దొరుకుతాయి. గౌస్ టార్పాలిన్ పరుస్తూ కూడా నన్ను వదల్లేదు. "నా పెచ్చులతోని ఫికర్ లేదన్నా. రాతియుగంల బాత్‌రూంలు లేవు గదా!" అన్నాడు. ట్రెయినీలంతా పగలబడి నవ్వారు. నా వాళ్లు కూడా.

పనితనం సంగతి చెప్పాలి. నేలకు వేసే గట్టి టైలు లోపలిదాకా ఒకే మాదిరిగా ఉంటుంది కనుక పెచ్చు సాఫీగానే లేస్తుంది. ముక్కను అరచేతిలో తోలు మీద పెట్టుకుని, కర్రపిడికి బిగించిన రాగి మేకుతో అంచును నొక్కాలి. నొక్కే ముందు ప్రతిసారీ ఆ అంచును గరుకురాయి మీద అరగదీసి మొద్దు చేయాలి. పదును అంచు ఒత్తిడికి ఆగదు, పొడై రాలిపోతుంది. రాయికైనా టైలుకైనా ఇదే పద్ధతి. నేనూ ఇదే చెప్పాను.

గౌస్ షామియానా కింద రోజంతా టపటపా పగిలే చప్పుడు, నవ్వులు. నా వైపు నిశ్శబ్దం. మా అసిస్టెంట్ డైరెక్టర్ మేడమ్ టీ కూడా అటే తాగేవారు. గౌస్ తెల్ల టైలుతో ఆకంత పలుచటి బాణపు మొన చేసి ఇస్తే, కళ్లద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. ఎప్పుడో నేనిచ్చిన చెకుముకి మొన ఆమె టేబుల్ మీద ఒక్కనాడూ చూడలేదు.

ఇంతలో మేడమ్ కబురు చెప్పారు. వచ్చే ఏడు నుంచి ఈ క్యాంపు ఒక్కరికే అప్పగిస్తారట, రిటైరైనా ఆ మనిషే వస్తాడట. నాకు కావలసింది అదే. అది దక్కకపోతే నా విద్య నాతోపాటు ఇంటికొచ్చి కూర్చుంటుంది. చివరి రోజు పరీక్ష పెట్టమని నేనే అడిగాను. టైలు మీద కాదు, చెకుముకి రాయి మీద. రాళ్లు నేనే ఇస్తానన్నాను. గౌస్ దగ్గరి ట్రెయినీలు అక్కడ తేలిపోతారని నా నమ్మకం.

తలా ఒక రాతి పెచ్చు ఇచ్చి, మొన చెక్కమన్నాను. గౌస్ దగ్గర నేర్చుకున్నవాళ్లు ముందు గరుకురాయి అందుకున్నారు. బరబరా అంచు అరగదీయడం, నొక్కడం, మళ్లీ అరగదీయడం. నావాళ్లు అరగదీయకుండానే నొక్కారు. అంచులు పొడై రాలాయి. రెండు మొనలు నడిమికి విరిగాయి.

మణుగూరు నుంచి వచ్చిన కవిత నా శిష్యురాలే. ఎందుకు అరగదీయలేదని అందరి ముందే గద్దించాను.

"అరగదీస్తే రాయి తక్కువైతది గద సార్," అంది తల వంచుకుని. "గీ రాళ్లు మళ్ల దొరకయని మీరే అంటిరి. వారం నుంచి ఒక్కటి పాడుచేసినా తిడ్తిరి."

మేడమ్ వచ్చే ఏటి నుంచి క్యాంపు గౌస్‌కు రాశారు.

"నీ రాళ్లు మస్తుగున్నయన్నా," అన్నాడు గౌస్, బస్తాలు జీపులో వేసుకుంటూ. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

ఆ క్యాంపులో నేను తెలుసుకున్నది ఒక్కటే. పాడుచేయడానికి సరిపడా సరుకు ముందు పెట్టనిదే ఎవరికీ చెయ్యి తిరగదు. అది నా దగ్గర లేదు, గౌస్ దగ్గర రెండు బస్తాలుంది. గౌస్ ఇప్పటికీ ఏటా పర్ణశాల పోతున్నాడు. పోయే ముందు ఫోన్ చేసి, "రాళ్లు గిట్ల ఉంటే ఇయ్యన్నా, పిల్లలు చెక్కుతరు," అంటాడు. నేను లేవంటాను. మంచివి ఇంకా అల్మారాలో ఉన్నాయి, గుడ్డలో చుట్టి.