దొర వెన్నుకు తెలియని చలి

ఏటా పుష్యమాసం చలి మొదలు కాగానే మా అబ్బాయి అటక మీది నుంచి కరెంటు హీటరు దించి హాల్లో తన సోఫా పక్కన పెడతాడు. స్విచ్చు వేసిన మొదటి పూట దాని తీగల మీద పేరుకున్న దుమ్ము కాలి మాడు వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది, ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండిపోతుంది. జనగామలో ఇల్లు కట్టుకున్నాం, పిల్లలు ప్రయోజకులయ్యారు, ఈ వయసులో ఇంకా కోపమేమిటని కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆమె గడీలో నిప్పులు మోయలేదు.

మాది పెద్దవంగర దగ్గరి పల్లె. చలికాలం వస్తే పిల్లలకు పొద్దంతా పండగే. తెల్లవారగానే గడ్డిమంట చుట్టూ చేరి అరచేతులు కాచుకోవడం, ఉడికిన అనపగింజల గుడాలు ఒడిలో పోసుకుని ఒక్కొక్కటే నములుతూ ఎండ జరిగిన వైపల్లా మేమూ జరుగుతూ గచ్చకాయలాడటం, చేల గట్ల మీద రేగుపండ్లు ఏరుకోవడం, నాయినమ్మ నిప్పుల మీద కాల్చిన సర్వపిండి రొట్టెలో మాడిన అంచు నాకంటే నాకని కొట్లాడుకోవడం. పొద్దు వాలితే ఆ పండగ అయిపోయేది. అమ్మ గడీకి పోయే వేళ అది. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం.

గడీ అంటే దొర ఉండే ఇల్లు. దాని గోడలు మా గుడిసెల కన్నా ఎంతో ఎత్తు. ఊరి భూమీ ఆయనదే, ఊరి మనుషులూ ఆయన వాళ్లే, కూలి ఇవ్వకుండా చేయించుకునే పనికి వెట్టి అని పేరు. మా నాయిన గూడూరు అడవి నుంచి బండ్లకు బండ్లు కట్టెలు తోలేవాడు, అందులో ఒక్క పుల్ల మా వాకిట్లో పడినా వీపు చీరేవాళ్లు. అవ్వది కుంపట్ల వెట్టి. గదికొక మట్టి కుంపటి పెట్టి, కణకణలాడే తుమ్మ నిప్పులు నింపి, వేడి ఎక్కువైతే పైన బూడిద కప్పి, తక్కువైతే బూడిద విదిలించి విసురుతూ, ఏ తలుపు మూయాలో ఏది ఓరగా పెట్టాలో చూసుకుంటూ గది గదికీ తిరిగేది.

కానీ ఎంత వేడి చాలో చెప్పే హక్కు ఆమెకు లేదు. దొర నడిమి సాయబానులో, అంటే వసారాలో, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఆయన శాలువా భుజం మీద ఉంటే ఇంట్లో చలి ఉన్నట్టు, శాలువా జారవిడిచి "చాలు" అన్నాడంటే చలి పోయినట్టు. ఆ మాట వినపడగానే అన్ని గదుల్లో కుంపట్ల మీదా బూడిద కప్పాల్సిందే. ఏ గదిలో ఎవరు వణుకుతున్నారని అడిగే పద్ధతే ఆ ఇంట్లో లేదు.

ఆ ఏడు దొర కూతురు పురిటికి వచ్చింది. ఆమెది పడమటి కొసన గాలి కొట్టే గది. కాన్పయ్యాక బాలింత కదా, మంచం కింద కుంపటి ఆరకూడదు. దొర చాలనగానే అదీ ఆరేది. కూతురు చలికి కేకలు పెట్టేది, దొరసాని వచ్చి అవ్వ చెంప పగలగొట్టేది. దొరసాని నిప్పు రాజేయమంటుంది, దొర కప్పమంటాడు, దెబ్బలు మాత్రం మా అవ్వకు. అవ్వ కూడా పచ్చి బాలింతే. అదే నెలలో పుట్టిన మా తమ్ముడు తాటికమ్మల గోడల నడుమ నా ఒళ్లో ముడుచుకుని పడుకుని ఉండేవాడు.

ఒకరోజు మునిమాపున వాడి పెదవులు నల్లబడ్డాయి. ఇంట్లో పొయ్యి ఆరిపోయింది, రాజేయడానికి పుల్ల లేదు. నేను గడీకి పరుగెత్తి అవ్వకు చెప్పాను. అవ్వ చేతిలోని నిప్పులు మోసే పెంకు పట్టుకునే సాయబానుకు వెళ్లి దూరంగా మోకరిల్లింది.

"నీ బాంచెను దొరా, ఇంటికాడ పసిగుడ్డు సలికి నీలవడుతున్నడు. జర ఇన్ని నిప్పులు కొండవోత."

దొర శాలువా పక్కన పడి ఉంది. "సలేడున్నదే? నాకు సెమట వోయవట్టె. దీపం వెట్టినంక గడీ నిప్పు గడప దాటదని ఎరుక లేదా?" అన్నాడు.

తెల్లవారేసరికి తమ్ముడు లేడు. వాణ్ని పూడ్చి వచ్చిన సాయంత్రమే గడీ మనిషి వాకిట్లో నిలబడి అవ్వను పిలిచాడు, అవ్వ పోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాను. ఆయన పాపాన ఆయనే పోయాడని నాతో ఎవరూ అనకండి. ఆయన ముసలివాడై సుఖంగానే కన్నుమూశాడు.

మరుసటి చలికాలానికి వెట్టి చేయొద్దంటూ ఎర్రజెండాతో సంఘం వచ్చింది. దొర పట్నం పారిపోయాడు. గడీ తలుపులు తెరిచి గింజలు పంచిన రోజున ఊరంతటికీ ఆ వంటింట్లోనే అన్నం వండారు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని సాయబానులోకి వచ్చి, దొర కూర్చునే చోట, జీవితంలో మొదటిసారి, గోడకు వీపు ఆనించి కూర్చుంది. చప్పున ముందుకు వంగి మళ్లీ ఆనింది. ఆ గోడ వెనకే వంటింటి పెద్ద పొయ్యి. పొయ్యి అక్కడున్నదని అవ్వకు తెలియక కాదు, గోడకు ఆనినవాడి వెన్నుకు ఎలా ఉంటుందో తెలియదు.

"గోడ కాలుతున్నది బిడ్డా," అంది. "గీడ కూసున్నాయనకు సలెట్ల తెలుస్తది?"

అప్పుడు ఏడ్చింది, తమ్ముడు పోయిన రోజు ఏడవనంతగా. తర్వాత మిలిటరీ వచ్చింది, వెనకే దొరా వచ్చాడు. అవ్వ మాత్రం మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ గడీ లేదు, దాని జాగాలో ప్లాట్లు చేశారు. మట్టి కుంపటి కావాలంటే జనగామ అంగడంతా తిరిగినా దొరకదు. మా హీటరు చాలినంత వేడి కాగానే టక్కుమని తనంతట తానే ఆరిపోతుంది. "దీనికి దిమాగున్నదే అమ్మా," అని మావాడు మురిసిపోతాడు. ఆ దిమాగుకు సోఫా పక్కన ఎంత వేడి ఉందో అదొక్కటే తెలుసు. నన్ను చూసుకోవడానికి భూపాలపల్లి నుంచి వచ్చి ఉంటున్న సమ్మక్క వెనక వరండా గదిలో చాప మీద పడుకుంటుంది. మొన్నటి నుంచి దగ్గుతోంది. నిన్న దీపాలు పెట్టే వేళ హీటరు కాసేపు అటు పెట్టమన్నాను.

మావాడు టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు. "ఇంట్ల సలేడున్నదే అమ్మా? నాకు ఉక్కవోస్తున్నది," అన్నాడు.

వాడు నా కొడుకు, మంచివాడు, ఎవరి మీదా చెయ్యెత్తి ఎరుగడు. అయినా ఊరుకోలేకపోయాను. లేచి వెళ్లి ప్లగ్గు పీకేశాను.

"లే నాయినా. పోయి సమ్మక్క సాప మీద జరసేపు కూసో. గప్పుడు చెప్పు, సలున్నదో లేదో."

ముసలితనపు చాదస్తం అనుకుని వాడు నవ్వాడు. వాడు లేచేదాకా నేను ప్లగ్గు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.