జంపఖానా సీటు

నిన్న నాకైన అవమానం మీ చెవుల దాక ఇంక రాలేదా? అయితే చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వితే మాత్రం సగంల ఆపేస్త!

మీకెరికే గద, జంపఖానాలు నేసుకుంట నా బతుకంత మగ్గం గుంటలనే. గుంటల కూసున్నోనికి తలుపు సందులకెల్లి తొవ్వ మీద ఏం కనబడ్తది? కాళ్లు, డెక్కలు, చక్రాలు. కారు పోతే చక్రాలే కనబడ్తయి గని లోపల కూసున్నోని మొకం ఎన్నడు చూడలె. ఒక్కసారి ఆ మెత్త మీద కూసోని మన మట్టెవాడను పైకెల్లి చూడాలె, ఇదొక్కటే నా ఆశ. చెయ్యి మగ్గం మీద ఆడుతాంటది, పానం మాత్రం ఆ చక్రాలెంట ఉరుకుతాంటది.

అసొంటి నా ఇంటికి విలాయతి కార్ల కంపెనీ ఏజెంటు సాబే వచ్చిండు! ప్రపంచ యుద్ధం అయిపోయింది గద, ఇగ మన దిక్కు కార్లు అమ్మాల్నని వాళ్ల ఆలోచన.

"మీ దొరలు మా కారును పరాయిదాని లెక్క చూస్తాండ్రు. అందుకే సీట్లకు ఓరుగల్లు జంపఖానా ఏయిస్తం. చూడంగనే 'ఇది మనదే' అనుకోవాలె. సమజైందా?" అన్నడు.

"అయింది సాబ్. మరి నన్ను జర ఎక్కిస్తరా?"

"మంచిగ కుదిరితే హనుమకొండ దాక తిప్పుత!"

ఇగ నేను ఆగుతనా? ఎర్రంచు పెట్టి, నీలి చారలు ఏసి నేసిన. గంజి నెయ్యకముందు పడుగు నూలుకు పెడ్తం గని నేసినంక ఎవడన్న పెడ్తడా? నేను పెట్టిన! సీటు కడక్ గ ఉండాలె, మెరవాలె అని జొన్న గంజి మందంగ పట్టిచ్చిన.

మా ఎల్లవ్వ చూసి, "ఏందయ్యా, జంపఖానకు గంజి పెడ్తానవా, జంపఖాననే గంజిల వండుతానవా?" అన్నది. నా పెండ్లాం మాట నేనెప్పుడు ఇన్న గనుక! మిగిలిన గంజి రోజు తాగేది మా మేకేనన్న సంగతి అప్పుడు యాదికి రాలె.

నిన్న పొద్దున నా జంపఖానా సీట్లకు ఏసి, స్టేషన్ కాడ కారు నిలబెట్టి, తలుపులు బార్లా తెరిచిండ్రు. చుట్టూ దొరలు, షావుకార్లు. నేను ఉతికిన ధోతి కట్టుకోని, తలకు నూనె రాసుకోని పోయిన.

"శాబాష్! రా, కూసో" అన్నడు సాబ్.

మట్టి కాళ్లతోని ఎట్ల ఎక్కుతం చెప్పుండ్రి? చెప్పులు ఇడిసి, వంగి, కండువతోని కాళ్లు తుడుసుకుంటాన. గంతే! ఇంటికాన్నుంచి నా ఎనకనే వచ్చిందేమో, మా మేక నన్ను దాటి లోపలికి దుంకింది. సీటెక్కి కూసోని నా ఎర్రంచు నములుతాంది!

జనం ఒకటే నవ్వుడు. సాబ్ మొకం మాడింది. కంపెనీ ఇజ్జత్ పోతాందని డ్రైవర్ పక్కన కూలబడి, "చలో, చలో! ముందు ఈడికెల్లి తీయ్!" అన్నడు. మేకతోనే కారు పోయింది. నేను చెప్పులు చేత పట్టుకోని ఎనక ఉరుకుడు. "నా మేక" అనాలె గద? నా నోట్లకెల్లి ఏమొచ్చింది? "సాబ్, నేను! నేను!"

మేక మాత్రం కిటికీలకెల్లి మొకం బయటపెట్టి హనుమకొండ దాక దర్జాగ పోయింది. ఉరికి ఉరికి నేను చేరేసరికి సాబ్ తల పట్టుకోని చౌరస్తల నిలబడ్డడు. ఆ కారు విలాయతి పేరుకు ఎవ్వనికి నోరు తిరగలె గని, ఊరంత అప్పటికే 'మేక కారు' అంటాంది. "కంపెనీకి ఏమని చెప్పాలెరా?" అన్నడు. 'ఇది మనదే అని కనీసం మేకన్న అనుకున్నది గద సాబ్' అందామనుకున్న. ధైర్యం చాలలె.

మేకను తోలుకోని నడుసుకుంట ఇల్లు చేరిన. ఎల్లవ్వ వాకిట్లకు ఎదురొచ్చి, "ఎట్లున్నదయ్యా కారు? మెత్తగున్నదా?" అన్నది.

"మేకనడుగు" అన్న.

ఇయ్యాల పొద్దున మళ్ల గుంటల కూసున్న. తలుపు సందుల చక్రాలు పోయినయి, పానం కలుక్కుమన్నది. పక్కన మేక తలెత్తి తొవ్వ దిక్కు చూసి, మళ్ల గంజిల మూతి పెట్టింది. దాని మీద కోపమా అంటే కోపం లేదు. మనిషి పుట్టుక పుట్టి, మేకను చూసి కుళ్లుకుంటాన!