మేకులు పట్టే అయస్కాంతం

2003 శీతాకాలం. భీమవరం అవతల, కోతలైపోయిన చేలో ఒక చిన్న విమానం నిలబడి ఉంది. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద పసుపు గుడ్డ, రెండు సీట్లు. రైస్‌మిల్లు ఫిట్టర్ వీరాస్వామి మిల్లు వెనక రేకుల షెడ్డులో ఆరేళ్ళు కూర్చుని కట్టుకున్నాడు దాన్ని. ఇరవై ఏళ్ళప్పుడు, దోమపోటుకు మందు చల్లుతూ వెళ్ళిన ఓ విమానం నీడ అతని వీపు మీద నుంచి జారిపోయింది. ఆ చల్లదనం యాభై దాటినా ఒంటిని వదల్లేదు.

ఆ ఆదివారం దాన్ని మొదటిసారి ఎగరేయడానికి జగన్నాథరావు గారు వచ్చారు. వైమానిక దళంలో పైలట్‌గా చేసి రిటైరైన మనిషి. ఎక్కి కూర్చుని, విమానం ముక్కును సరిగ్గా తూర్పుకు తిప్పించారు. సీటు ముందున్న చిన్న తెర మీద దిక్కు చూపే అంకె తొంభై ఉండాలి. యాభై ఉంది.

"నలభై డిగ్రీల తప్పండి," అన్నారు దిగుతూ. "మంచు పట్టిందంటే పైనుంచి ఈ రొయ్యల చెరువులన్నీ ఒకటే అద్దం. ఇంటికని బయల్దేరి మొగల్తూరు దాటి సముద్రంలోకి పోతాం. దిక్కు తెలియని బండి నేనెక్కను."

"వారం రోజులివ్వండి."

"వచ్చే ఆదివారం వస్తాను. మర్నాడే మకాం విశాఖకి. ఆ తర్వాత నేను దొరకను."

వీరాస్వామికి ఇంకో పైలట్ తెలియదు. గట్టు మీద నుంచి మిల్లు యజమాని గోపాలకృష్ణమూర్తి కేకేశాడు: "మా ఎడ్లని కట్టు, వీరాస్వామీ! వాటికైనా ఇంటిదారి తెలుసు!"

వీరాస్వామి విమానాన్ని షెడ్డులోకి తోసుకెళ్ళాడు.

దిక్కు చెప్పేది రెక్కలో ఉన్న అగ్గిపెట్టెంత సెన్సర్. భూమి అయస్కాంతం మాట విని చెబుతుంది. దగ్గర్లో ఇంకో అయస్కాంతం గొంతెత్తితే ఆ మాటే నమ్ముతుంది. ఆ గొంతు ఎవరిదో పట్టుకోవాలి. విమానాన్ని తూర్పుకే నిలబెట్టి, సోమవారం రేడియో ఆపాడు. యాభై. మంగళవారం దీపాల ఫ్యూజు పీకాడు. యాభై. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంతం పుడుతుందని మోటార్లు విప్పిన చేతులకి తెలుసు. బుధవారం, ఒకదాని ప్రభావం ఒకటి చెరిపేలా, కరెంటు వచ్చే తీగనీ పోయే తీగనీ జడలా అల్లాడు. అంకె కదల్లేదు.

"జ్వరమొస్తే ముందు నాలుక చూస్తారు," అంది భార్య సంపూర్ణమ్మ. "మీరు బట్టలన్నీ విప్పేస్తున్నారు."

"నాలుకెక్కడుందో చెప్పు, చూస్తాను."

గురువారం రెక్కను మోసే ఊతకడ్డీ బోల్టు ఒకటి విప్పి కాగితం మీద పెట్టాడు. సంపూర్ణమ్మ టీ గ్లాసు కోసం చోటు చేస్తూ ఆ బోల్టు తీసింది. ఆమె గాజుకు వేలాడే పిన్నీసు ఊగి, బోల్టుకు అతుక్కుంది.

"ఏవండీ, ఇది నా పిన్నీసు లాక్కుంటోంది."

వీరాస్వామి బోల్టు వంక చూశాడు. తర్వాత గోడ వంక. అక్కడ పాత అయస్కాంతపు పలక ఉంది. వడ్లలో కలిసొచ్చే మేకులు మిల్లు యంత్రంలో పడకుండా పట్టేది. మిల్లులో కొత్తది పెట్టాక దీన్ని తెచ్చి గోడకు బిగించుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క నట్టు పోగొట్టుకోలేదని అతనికి పేరు. రోజూ పని ఆపగానే బోల్టులన్నీ దానికి అంటించి ఇంటికెళ్ళేవాడు. సెన్సర్‌కు మాత్రం పుస్తకంలో చెప్పినట్టు ఇత్తడి మరలే వేశాడు. కానీ జానెడు దూరంలో బరువు మోసే బోల్టులు ఉక్కువి. అవన్నీ ఏళ్ళ తరబడి ఆ పలక మీద పడుకుని, దాని గుణం నేర్చుకున్నాయి.

"జాగ్రత్త చేసి చేసి నేనే చెడగొట్టాను సంపూర్ణా."

"అయితే అన్నీ పారేస్తారా?"

"ఎందుకు పారేయడం? నేర్చుకున్నది మరిపిస్తాను."

పాత మోటారు నడిమి ఇరుసు తీసేసి, చుట్టూ ఉన్న వైండింగ్‌కే, సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ మారే మిల్లు కరెంటిచ్చాడు. బోల్టును ఆ నడిమి ఖాళీలో పెట్టి, బయటికి లాగి, పిన్నీసు దగ్గర పట్టాడు. పిన్నీసు అంటుకుంది. తొందరపడి లాగాడు; ఆ అటూ ఇటూ ఊపు మెల్లగా సన్నగిల్లితేనే ఉక్కు మర్చిపోతుంది. మళ్ళీ పెట్టి, ఈసారి నిద్రపోతున్న పిల్ల కిందనుంచి చెయ్యి తీసినంత నెమ్మదిగా, మూరెడు దూరం దాకా లాగాడు. పిన్నీసు కదల్లేదు. వైండింగ్ వేడెక్కితే ఆపడం, చల్లారితే మొదలెట్టడం. శనివారం మధ్యాహ్నానికి ముప్పై రెండు బోల్టులూ అన్నీ మర్చిపోయాయి. పలక తగలని కొత్త నట్లతో మళ్ళీ బిగించాడు.

అంతకుముందే కర్ర నీడలతో చేలో ఉత్తరం కనిపెట్టి ఉంచాడు. దాన్ని బట్టి సంపూర్ణమ్మ ముగ్గుపిండితో పన్నెండు దిక్కులకు పన్నెండు గీతలు లాగింది.

ఆదివారం జగన్నాథరావు గారు ఒక్కో గీత మీదికీ విమానాన్ని తిప్పించి, అంకెలు రాసుకున్నారు. తూర్పు గీత మీద తొంభై ఒకటి. ఎక్కడా రెండు డిగ్రీలకు మించి తేడా లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఎక్కారు.

పసుపు రెక్కలు చేను మీద మూడు చుట్లు తిరిగి, మొగల్తూరు వైపు మంచులో కరిగిపోయాయి. చప్పుడు కూడా పోయింది. సంపూర్ణమ్మ గాజులు సవరించుకుంటూ నిలబడింది. వీరాస్వామి మొగల్తూరు వైపు ముగ్గుగీత చివర నుంచి కదల్లేదు. చాలాసేపటికి, సరిగ్గా ఆ గీత ఎదురుగానే, మంచు పసుపు రంగు తిరిగింది.

జగన్నాథరావు గారు దిగి, పక్క సీటు చూపించారు. "రండి. ఈసారి మీరూ."

వీరాస్వామి ఒక కాలు పైకి పెట్టి, ఆగాడు. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి భార్య చేతిలో పెట్టాడు.

"ఇదీ ఆ పలక మీద పడుకున్నదే," అని, ఎక్కి కూర్చున్నాడు.