ప్యాంటు అంచుకి ఓ పట్టీ

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరూ పట్టించుకోరు. పట్టీ అక్క ఎక్కడుంటుందని అడిగితే చాలు, మెట్ల కింద గది చూపిస్తారు. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, చిల్లుపడ్డ జేబులు కొత్తగా వేయడం ఆవిడ పని. ఎవరు ఏ పని మీద ప్యాంటు తెచ్చినా ముందు కాలి అంచు లోపలికి తిప్పి చూస్తుంది. మడమ తగిలే చోట పట్టీ లేకపోతే, అడక్కముందే మొదలుపెడుతుంది.

"నీ బూటు ఈ అంచుని కొరికేస్తుంది. ఈ అంచు నీ బూటుకి రంగు పూస్తుంది. రెండూ నీవే కదా నాయనా, ఓ పట్టీ వేయించుకో."

ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. దాని వెనక పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య నడిచిన రెండు వారాల మౌన యుద్ధం ఉంది.

ఆవిడ నాన్న బూట్లు కుట్టేవాడు, వీధికంతా బూట్ల తాత. వీధి మలుపులో ఆయన కొట్టు, కొట్టంటే నిలబెట్టిన చెక్క పెట్టె లాంటిది. లోపల ఒక్క మనిషి కూర్చుంటే రెండో మనిషి మోకాళ్లు బయట పెట్టుకోవాల్సిందే. చిన్నప్పుడు ఆవిడ బడి వదలగానే అక్కడికే వెళ్లి, మైనం రాసిన దారం పేనుతూ కూర్చునేది. పెళ్లయింది నాలుగు కొట్ల అవతల ఉన్న టైలరుతో. పుట్టింట్లో తోలు నేర్చుకున్న మనిషి, అత్తింట్లో బట్ట నేర్చుకుంది.

మామా అల్లుళ్లకి మొదటి నుంచీ బాగా కుదిరింది. రోజూ మధ్యాహ్నం ఆవిడ పెద్ద క్యారేజీ తెస్తే, టైలరు కొట్టు ముందు బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినేవాళ్లు. ఒకడు పచ్చడి ఎక్కువ వేసుకున్నాడని రెండోవాడు సణిగేవాడు. అంతకు మించిన తగువు పదిహేనేళ్లలో ఆవిడ ఎరగదు.

అలా సాగుతుండగా బ్యాండు మాస్టారు వచ్చాడు. ఆయన దగ్గర ఇరవై రెండు మంది వాయిస్తారు. ఎప్పటివో గోధుమరంగు దుస్తులు మోకాళ్ల దగ్గర మెరుగుపెట్టినట్టు నిగనిగలాడుతున్నాయి. ఈసారి చూసినవాళ్ల కళ్లు చెదరాలని ఆయన పట్టుదల. ముదురు నీలం ప్యాంట్లు, తెల్ల తోలు బూట్లు. ప్యాంట్లు అల్లుడికి, బూట్లు మామకి చెప్పాడు. చెప్పిన మర్నాటి నుంచి రోజుకోసారి వచ్చి ఎంతవరకు వచ్చిందని అడగడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఊపిరాడలేదు. ఎలాగైతేనేం, చెప్పిన రోజుకి అందించారు.

కొత్త వంతెన తెరిచే రోజున బ్యాండు ఆ చివర నుంచి ఈ చివరకి వాయిస్తూ నడిచింది. సగం దూరంలో సన్నగా జల్లు పడింది. ఎవరూ ఆగలేదు. ఇవతలి ఒడ్డుకి చేరి బూట్లు చూసుకునేసరికి అందరి మడమలూ నీలంగా ఉన్నాయి. సిరా సీసాలో ముంచి తీసినట్టు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు గోనెసంచి నిండా బూట్లు తెచ్చి పెట్టె కొట్టు ముందు గుమ్మరించాడు.

"చూడు పెద్దాయనా. మావాళ్లని నీలికాళ్ల బ్యాండు అంటున్నారు."

బూట్ల తాత ఒకటి చేతిలోకి తీసుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "తెల్ల తోలు నీలం రంగు ఎక్కణ్ణించి తెస్తుంది మాస్టారూ? ఇది గుడ్డ చేసిన పని. మా అల్లుణ్ణి అడగండి."

మాస్టారు నాలుగు కొట్లు నడిచి అల్లుణ్ణి అడిగాడు. అల్లుడు ప్యాంట్లు తెప్పించుకుని, కాలి వెనక అంచులు చూపించాడు. నెల తిరక్కుండానే అక్కడ పోగులు లేచిపోయి, ఎలుక కొరికినట్టున్నాయి.

"రంగు మాట తర్వాత. నేను కుట్టిన అంచుని ఇలా తిన్నదెవరు? మా మామయ్య బూట్లు. వెళ్లి ఆయన్నే అడగండి."

మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. "ఇంకో మూడు వారాల్లో బ్యాండ్ల పోటీ ఉంది. ఈలోగా మీరూ మీరూ తేల్చుకోండి. లేదంటే పాత గోధుమరంగువే వేసుకుని పోతాం" అని ప్యాంట్లూ బూట్లూ వాళ్ల దగ్గరే వదిలేసి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం బల్ల ఖాళీగా ఉంది. మర్నాడూ అంతే. పెద్ద క్యారేజీ పక్కన పడేసి, ఆవిడ రెండు చిన్నవి సర్దింది. ఒకటి మలుపు దగ్గరికి, ఒకటి టైలరు కొట్టుకి. అన్నంతో పాటు మాటలు కూడా మొయ్యాల్సి వచ్చింది.

"గుడ్డ ఎక్కడ కొన్నాడో మీ ఆయన్ని అడుగు."

"బూటు కుట్టేటప్పుడు ఎవరితో కబుర్లు చెబుతున్నాడో మీ నాన్నని అడుగు."

నాలుగు రోజులు మోసింది. ఐదో రోజు ఆవిడకి విసుగొచ్చింది. "అడగాల్సినవి నేరుగా అడుక్కోండి. నేను అన్నం వరకే తెస్తా" అని ఇద్దరికీ చెప్పి, ఒక జత బూట్లూ ఒక ప్యాంటూ ఇంటికి పట్టుకుపోయింది.

ముందు ప్యాంటు సంగతి. తెల్ల గుడ్డ పీలిక తడిపి ప్యాంటు కాలి మీద నాలుగుసార్లు రుద్దింది. పీలిక నీలమైంది. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని పక్కింటావిడ చెబితే, బకెట్లో గుప్పెడు ఉప్పు వేసి నానబెట్టింది. రంగు ఏమాత్రం నిలవలేదు, దిగుతూనే ఉంది. నీళ్లు మార్చింది, మళ్లీ మార్చింది. ఆరో బకెట్టుకి గానీ నీళ్లు కాస్త తేటపడలేదు. అప్పటికీ తడి పీలిక గట్టిగా రుద్దితే కొంచెం అంటుతూనే ఉంది.

ఆరిన ప్యాంటు తనే తొడుక్కుంది. బూట్లు తన పాదానికి రెండంగుళాలు పెద్దవి, వేళ్ల దగ్గర పాత గుడ్డలు కుక్కింది. గది ఈ గోడ నుంచి ఆ గోడకి, బ్యాండు వాళ్లలా కాళ్లు ఎత్తి వేస్తూ నడిచింది. ఎంతసేపు నడిచినా గుడ్డ ఏ చోట తగులుతుందో వంగి చూస్తే కనబడదు, వంగగానే అంచు పైకి లేచిపోతుంది. అప్పుడు తట్టింది. మొగుడి డబ్బాలోంచి గీతలు గీసే ఎర్ర సుద్ద తీసి, బూటు చుట్టూ పూసి, మళ్లీ నడిచింది.

సరిగ్గా అప్పుడే టైలరు భోజనం ముగించి ఇంటికొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏమిటీ వేషం?"

"మీ ఇద్దరి గొడవనీ ఒకే కాలికి తొడుక్కుని నడుస్తున్నా. తప్పుకోండి, ఇంకో పది అడుగులున్నాయి."

నడక పూర్తిచేసి, ప్యాంటు విప్పి అంచు తిప్పి చూపించింది. ముందు వైపు సుద్ద లేదు. పక్కల కూడా లేదు. వెనక వైపు లోపల మాత్రం నాలుగు వేళ్ల మేర ఎర్రగా అంటుకుంది. పోగులు లేచింది అక్కడే, రంగు దిగింది అక్కణ్ణించే.

"రంగు దిగిపోయేలా గుడ్డని ముందు నీళ్లలో వేయకుండానే కత్తిరించారు కదూ?" అంది.

ఆయన సుద్ద మరక వంకే చూశాడు. "మాస్టారు తొందరపెట్టేశాడు" అన్నాడు.

"పొడవు కూడా అరంగుళం ఎక్కువే పెట్టారు."

ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి, కొట్టుకి వెళ్లిపోయాడు.

ఇక బూటు. ఆవిడ చూపుడు వేలు బూటు వెనక అంచు మీద మెల్లగా జరిపింది. కుట్టు ముగిసే చోట ఏదో గీరుకుంది. దారం ముడి. లోపలికి తోసి తోలు కింద అణచాల్సింది, బయటికి వదిలేశాడు. మైనం పట్టిన దారం కదా, ఎండి ఇసక రవ్వలా గట్టిపడింది. మలుపు దగ్గరికి వెళ్లి గోనెసంచిలో మిగతా జతలు తడిమింది. దాదాపు అన్నిటికీ అదే ముడి.

చిన్నప్పుడు తను ముడి బయటికి వదిలితే విప్పించి మళ్లీ కుట్టించిన మనిషి ఆయన. ఆవిడకి కోపం రావాల్సింది, రాలేదు. పెట్టె ముందు కూర్చుంది.

"నాన్నా, ముడి బయటికి వదిలేశావు."

ఆయన బూటు అందుకుని బొటనవేలితో తడిమాడు. ఆ వేలి చర్మం తోలు కన్నా మొద్దు. ఏమీ తగిలినట్టు లేదు. గొంతు తగ్గించి చెప్పాడు.

"కళ్లు ఆనట్లేదమ్మా. తెల్ల తోలు మీద తెల్ల దారం అసలే కనబడదు. అలవాటు మీద కుట్టుకుంటూ పోయా."

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాది దాటింది. మీ ఆయనకి చెప్పకు. బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని జాలిపడతాడు. నాకు అదొద్దు."

చెప్పనని మాటిచ్చింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట ఆయన దగ్గరే కూర్చుని, ఒక్కో బూటుకీ ముడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. ఆయన దాన్ని సూదితో లోపలికి నెట్టి, చిన్న సుత్తితో తట్టి అణిచేవాడు. మడమల మీది నీలం మరకలు సబ్బు నురగతో, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తీశాడు. పోనివాటికి తెల్ల రంగు పట్టించాడు. చివర్లో పల్చగా మైనం రుద్దాడు, రంగు తొందరగా లోపలికి దిగకుండా.

ప్యాంట్లకి ఏం చేయాలో ఆవిడ అప్పటికే తేల్చుకుంది. పాత ప్రయాణపు సంచి విప్పితే లోపల నున్నటి నైలాను పట్టీ దొరికింది. తడిపి రుద్దినా రంగు దిగనిది. సుద్ద అంటిన చోట నాలుగు వేళ్ల పొడవు ముక్క వేసి, అంచు కన్నా ఒక్క నూలుపోగంత కిందికి ఉండేలా కుట్టింది. బయటివాళ్లకి కనబడదు. బూటుకి తగిలేది మాత్రం ఆ పట్టీయే, గుడ్డ కాదు. తొడుక్కుని మళ్లీ సుద్దతో నడిచింది. సుద్ద అంతా పట్టీకే అంటింది. అదే రకం పట్టీ చుట్ట ఒకటి కొనుక్కొచ్చి మిషను ముందు కూర్చుంది.

ప్యాంట్లన్నీ ఉతికి ఆరేసింది మాత్రం టైలరే. ఎవరూ చెప్పలేదు. దండెం మీద వరసగా ఇరవై రెండు జతల కాళ్లు గాలికి ఊగుతుంటే వీధి వీధంతా నవ్వుకుంది.

ఆరేస్తూ ఆయన మలుపు వైపు చూశాడట. పెట్టె ముందు పెళ్లాం వేలు పెట్టడం, ఆ వేలు పక్కనే మామ సూది గుచ్చడం, మళ్లీ వేలు, మళ్లీ సూది. రెండు రోజులు చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం తన క్యారేజీ తనే పట్టుకుని మలుపు దగ్గరికి నడిచాడు. మోకాళ్లు బయటపెట్టుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, గుడ్డ నీళ్లలో వేయకుండా కత్తిరించాను. తప్పు నాదే."

బూట్ల తాత సుత్తి పక్కన పెట్టాడు. "ముడి నాది అల్లుడూ."

"చిన్న ముడి."

"చిన్నదైనా ముడే. క్యారేజీ విప్పు, ఆకలేస్తోంది."

కళ్ల మాట ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వారం తిరిగాక టైలరు తన కొట్లో ఉన్న పెద్ద దీపం విప్పి తెచ్చి పెట్టె కొట్లో బిగించాడు. తన కొట్టుకి వెలుతురు ఎక్కువైందని చెప్పాడు.

పోటీ రోజున వాన లేదు కానీ మైదానమంతా బురద. మర్నాడు మాస్టారు ప్యాంట్లూ బూట్లూ చూపించడానికే వచ్చాడు. పోటీలో వాళ్లకి మూడో స్థానం వచ్చింది, ఆ సంగతి ఆయన చివర్లో చెప్పాడు. బూట్లకి బురద ఉంది, నీలం లేదు. ఒక్క జతకి మాత్రం ఉంది. పెద్ద డోలు వాయించేవాడిది.

"ఆయన పట్టీ ఏమైంది మాస్టారూ?"

"మడమ దగ్గర గరగరలాడుతోందని ముందురోజు పీకేశాడమ్మా. ఇప్పుడు మళ్లీ వేయమని అడగడానికి మొహం చెల్లక నన్ను పంపాడు."

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు వచ్చారు. రోజంతా నిలబడి పాఠం చెప్పే మాస్టర్లు, హోటల్లో వడ్డించేవాళ్లు, కొత్త ఉద్యోగంలో చేరుతూ మొదటిసారి లేత రంగు బూట్లు కొనుక్కున్నవాళ్లు. టైలరు కొట్లో రెండో మిషనుకి చోటు చాలక మెట్ల కింద గది తీసుకున్నారు. ఆవిడ చేయి తిరిగేకొద్దీ పట్టీ మెత్తబడింది, గరగర అన్నమాట మళ్లీ వినబడలేదు.

ఏడాదికి బూట్ల తాత పెట్టె కొట్టు మూసేశాడు. ఇప్పుడు కూతురి గదిలోనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కుట్టడం మానేశాడు. మరకలు తుడవడం, మైనం రుద్దడం చూపుతో పనిలేకుండా చేస్తాడు. ఎవరైనా ప్యాంటు పొడవు గురించి తనని అడిగితే మాత్రం చేయి అడ్డంగా ఊపుతాడు.

"మడమ కింది సంగతి నన్నడుగు. మడమ పైన అంతా మా అమ్మాయిదే."