అక్క తిప్పిన గంధరాజం

మా అక్కను ఆసుపత్రిలో అందరూ 'తిప్పుడు సిస్టర్' అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, అంతా వెనకాలే. మంచం మీద నుంచి కదల్లేని రోగిని ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పుతూ ఉండకపోతే వీపంతా పుండ్లు పడతాయి. ఆ సంగతి నర్సులందరికీ తెలుసు. కానీ మా అక్కలాగా తిప్పినవాళ్ళు లేరు. నిద్రపోతున్నవాణ్ణి లేపి మరీ తిప్పేది. "ఇప్పుడేగా తిప్పారు తల్లీ!" అని మొత్తుకుంటున్నవాణ్ణి ఇంకోసారి తిప్పేది. తన వార్డులో వీపు పుండు పడిన మనిషి లేడని చెప్పుకునేటప్పుడు మాత్రం ఆమె ముఖం చూడాలి.

ఉద్యోగం అయిపోయాక తిప్పడానికి మనుషులు లేకుండా పోయారు. బాల్కనీలో కుండీలు దొరికాయి.

వాళ్ళ వాటా రెండో అంతస్తులో. బాల్కనీలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాలి. అందులోనే ఒక మందారం, రెండు కాగితాలపూల కుండీలు, జెరేనియాలు, చివరన ఒక గంధరాజం. చలికి తట్టుకోలేని మొక్కలన్నీ ఏరి ఏరి తెచ్చుకున్నట్టుండేది. చలికాలం వస్తే అవన్నీ హాల్లోకి వచ్చి సోఫా ముందు కూర్చునేవి, వచ్చినవాళ్ళు నిలబడేవారు. చలి తగ్గినా ఆమెకు కుదురు లేదు. పొద్దున కుండీలను ఎండకేసి జరిపేది, మధ్యాహ్నం తెర నీడకు లాగేది, సాయంత్రం మొహం ఇటు తిప్పి పెట్టేది.

"అన్ని పక్కలా ఎండ తగలొద్దుటే?" అనేది.

"తగులుతుందిలే అక్కా, సూర్యుడికి వేరే పనేముంది?" అంటే నా మీద విసుక్కునేది. చూసిపోదామని వెళ్ళినదాన్నే అయినా నాకూ కోపం తక్కువేం కాదు. ఇద్దరం చెరో గదిలోకి వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఆమె కూర్చునేది కాదనుకోండి, కాలు కాలిన పిల్లిలా మళ్ళీ బాల్కనీలోకే.

ఈ తిరుగుడు గత ఏడాది నుంచి మరీ ఎక్కువైంది. దానికి కారణం మా బావ ముక్కు.

బావ బేకరీలో బ్రెడ్ కాల్చేవాడు. ఓవెన్ వైపు చూసేవాడు కాదు. బల్ల దగ్గర పిండి పిసుకుతూ, ఎవరితోనో కబుర్లాడుతూ, మాట మధ్యలో ఆపి వెళ్ళి తలుపు తీసేవాడు. సరిగ్గా కాలిన బ్రెడ్ వాసన వేరు, ఇంకో నిమిషం ఆగితే మాడే వాసన వేరు అనేవాడు. ఒక జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాసన పట్టుకుపోయింది. మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజున ట్రేలకు ట్రేలు బొగ్గయ్యాయి. పొగ కళ్ళలోకి వచ్చేదాకా ఆయనకు తెలియలేదు. పాడైన వెన్న వేసి పిండి కలిపిన రోజున యజమాని ఆయన్ను పక్కకు పిలిచాడు. మంచివాడే. "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. నీ చోటు ఎవరికీ ఇవ్వను. ముక్కు బాగయ్యాక రా" అన్నాడు. అప్పటి నుంచి బావ ఇంట్లోనే ఉన్నాడు. తిండి మట్టిలా ఉందంటూ సగం వదిలేసేవాడు.

బాగా తెలిసిన ఘాటైన వాసనలు రోజూ చూపిస్తూ ఉండండి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. అక్క రావచ్చు వరకే విన్నది. ఇక మొదలైంది. పొద్దున్నే లవంగం, కాఫీ పొడి, ఆ తర్వాత నిమ్మతొక్క, సబ్బు. ఆయన పేపరు చదువుతుంటే పేపరుకూ ముక్కుకూ మధ్య ఏదో ఒకటి దూర్చేది.

"ఏమైనా తెలిసిందా?"

"ఆ... కొంచెం."

"కొంచెమంటే?"

"కొంచెమే."

ఆ కొంచెం పట్టుకుని ఆమె బేకరీ యజమానికి ఫోన్ చేసేది. వస్తోందండీ, ఇంకెంతో కాలం పట్టదు, ఆయన చోటు ఉంచండి అని.

ఆశంతా పెట్టుకున్నది మాత్రం గంధరాజం మీద. పెళ్ళయిన కొత్తలో వాళ్ళు అద్దెకున్న గది మెట్ల పక్కన ఆ చెట్టు ఉండేదట. రోజంతా బ్రెడ్ వాసనలో మునిగి వచ్చిన మనిషికి కూడా మెట్ల దగ్గరే ఆ వాసన తగిలేదట. "ఆ పువ్వు విచ్చుకుంటే ముక్కు అదే తెరుచుకుంటుంది చూడు" అనేది అక్క. ఆ మొక్కేమో మొగ్గ వేసేది, బొటనవేలంత అయ్యేది, కాడ దగ్గర పసుపెక్కి రాలిపోయేది. ఒకటి రాలితే అక్క కుండీని ఇంకో రెండుసార్లు ఎక్కువ తిప్పేది. ఇంకోటి రాలేది. నీళ్ళు కాచి చల్లార్చి పోసేది, ఆకులు తుడిచేది, మళ్ళీ తిప్పేది.

"పారేయవే దాన్ని, నీ ప్రాణం తీస్తోంది" అన్నాను ఒకసారి. ఆమె నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

చివరికి ఒక పొద్దున ఆ కుండీనే ఎత్తబోయి నడుం పట్టేసింది. బరువు ఎలా ఎత్తాలో కొత్తగా చేరిన నర్సులందరికీ నేర్పిన మనిషి! మంచం దిగొద్దన్నారు. చాకిరీకి నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి గంధరాజానికి ఒకే ఒక్క మొగ్గ మిగిలి ఉంది.

మంచం మీద నుంచి ఆర్డర్లు వచ్చేవి.

"తిప్పావుటే?"

"తిప్పానక్కా."

నేనెందుకు తిప్పుతాను? నాకు నా ఒళ్ళే బరువు. మట్టి పైన ఎండినట్టు కనిపిస్తే ఒక చెంబు నీళ్ళు పోసేదాన్ని, అంతే. వంటగది చూసుకోవాలి, అక్కను చూసుకోవాలి, ఆమె లేవకుండా కాపలా కాయాలి. మొగ్గ సంగతి ఎవరికి గుర్తుంది? అది మాత్రం పసుపెక్కలేదు. ఉన్నచోటే ఉండి లావెక్కింది, కొసన తెల్లని గీత కనిపించింది.

విచ్చుకున్న పొద్దున నేను కాఫీ పెడుతున్నాను. హాలంతా వాసన నిండింది. పై వాటా ఆవిడ మెట్లు దిగుతూ ఆగి, "ఏమిటండీ ఇది?" అని తలుపు తట్టింది. గదిలోంచి అక్క పిలిచింది. నేను వెళ్ళేలోపే గోడ పట్టుకుని నడిచి వస్తోంది. తీసుకెళ్ళి బాల్కనీ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను.

"రోజూ ఎన్నిసార్లు తిప్పావే?" అంది పువ్వునే చూస్తూ.

"అసలు తిప్పలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "వెలుతురు ఒక వైపు నుంచి వస్తోందని అది సర్దుకునేలోపే నేను మొహం మార్చేశానన్నమాట" అంది. "దాని మానాన దాన్ని ఉండనివ్వలేదు."

అప్పుడే బావ స్నానం చేసి వచ్చాడు. మా ఇద్దర్నీ చూశాడు, పువ్వును చూశాడు. దగ్గరికి వచ్చి వంగి, ముఖం దాదాపు పువ్వుకు ఆనించి గట్టిగా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. ఇక అడుగుతుంది అనుకుని అక్క వంక చూశాను. ఆమె కుర్చీ అంచు పట్టుకుని నేల చూస్తోంది.

బావ నిటారుగా నిలబడ్డాడు. "అడగవేం?" అన్నాడు.

పువ్వు వైపు చెయ్యి చూపించాడు.

"ఏమీ రావట్లేదే. ఈ పువ్వొక్కటే కాదు, లవంగం, సబ్బు, కాఫీ, ఏదీ రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. కొంచెం కొంచెం అన్నదంతా అబద్ధం."

"నాకు తెలుసు" అంది అక్క.

బావ ఆమె వైపు తిరిగాడు.

"నొప్పి లేదు సిస్టర్ అని చెప్పేవాళ్ళ మొహాలు చూస్తూ బతికినదాన్ని. మీరు కొంచెం అన్న మొదటి రోజే తెలుసు."

"తెలిసి మరి పూటపూటకీ ఎందుకే నా ప్రాణం తీశావు?"

"అడగడం మానేస్తే మీరు నిజం చెప్పేస్తారని."

నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆమెను ఎన్ని మాటలన్నానో! బావ వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఫోన్ తీశాడు. తలుపు వేసుకోలేదు, ప్రతి మాటా మాకు వినిపిస్తూనే ఉంది.

"నేనేనండీ. నా చోటు ఇంక ఖాళీగా ఉంచకండి. ఓవెన్ దగ్గర వేరే మనిషిని పెట్టుకోండి... లేదండీ, రాదు... లేదు, తొందరపడి చెప్పట్లేదు."

అవతల ఆయన ఏదో అడిగాడు. బావ గుమ్మంలోంచి అక్క వంక చూశాడు.

"అవునండీ" అన్నాడు. "ఇంట్లో కూడా తెలుసు."