రాణిగారి అంగీ

తొవాకో ఏ బొమ్మనైనా ముందు తను నటించి, అద్దంలో చూసుకున్నాకే గీస్తుంది. ఇప్పుడు పెద్దల కోసం తీస్తున్న బొమ్మల సినిమాలో టోక్యో గుమాస్తా ఒకడు పదిహేను వందల ఏళ్లు వెనక్కి వెళ్లి, రాణిని చూసి జడుసుకోవాలి. ఆ కాలంలో అంగీ కుడి అంచు పైకి వచ్చేలా కట్టేవారు. ఇప్పుడు శవాలకే అలా కడతారు. సాయంత్రానికి బొమ్మలివ్వాలి, అద్దంలో తన యాభై ఏళ్ల మొహంలో జడుపు మాత్రం పలకడం లేదు.

"రాణిలా కట్టుకుని చూడక్కా, భయం అదే వస్తుంది," అన్నాడు దర్శకుడు మినెగిషి.

"నేనింకా బతికే ఉన్నాను. నువ్వే కట్టుకో!"

నమూనాకి తెచ్చిన తెల్లంగీని నవ్వుతూ కుడి అంచు పైకి వచ్చేలా కట్టుకుని అతను గుమ్మంలోకి వెళ్లాడు. ఎదురొచ్చిన నిర్మాత హచియా కెవ్వుమని గోడకు అతుక్కుపోయాడు.

తొవాకో పెన్సిల్ అందుకుంది. "హచియాగారూ, మీకు పుణ్యముంటుంది, ఆ నోరు మాత్రం ముయ్యకండి!"